శబ్దం రాని ఉడుత పాఠం

సూరత్‌లోని ఒక తెలుగు మీడియం బడిలో ఒకటో తరగతికి చెప్పేదాన్ని. మరమగ్గాల పనికని తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలే అందరూ. లాక్‌డౌన్ పెట్టిన ఏడాది బడి మూతపడింది. పాఠాలు వీడియో తీసి తల్లుల ఫోన్లకు పంపమన్నారు. నాకా, ఫోటో తీస్తే సగం నా వేలే పడుతుంది.

మా ఆయన పల్సానాలో ఒక రంగుల మిల్లులో సూపర్‌వైజర్. కూలీలంతా ఊళ్లకు పోవడంతో మిల్లు ఆగిపోయి ఇంట్లోనే ఉన్నారు. మాట తక్కువ మనిషి.

"నేను తీస్త. నువ్వు చెప్పు," అన్నారు.

హాల్లో గోడకు నా పాత చీర కట్టి తెర చేశాం. ఉ, ఊ పాఠం. ఉడుత, ఊయల బొమ్మలు అట్టల మీద గీసి పెట్టుకున్నాను. తరగతిలో ఎప్పుడూ చేసినట్టే చప్పట్లు కొట్టి మొదలుపెట్టాను. గదినిండా పిల్లలుంటే గొంతు దానంతటదే లేస్తుంది. ఆ ఫోన్ ముందు మాత్రం కళ్లు కెమెరా మీంచి తిప్పకుండా అప్పజెప్పినట్టు చెప్పాను. ఏం చెప్పానో, ఎప్పుడు అయిపోయిందో నాకే తెలియలేదు.

మొదటి రెండు ముక్కలు ఫోన్‌లో విని, శబ్దం పడిందని చూసుకున్నాం. ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి క్లిప్‌ను అందులోకి తెచ్చాను. బొమ్మ వచ్చింది. చేతులు తిప్పుతున్నాను, నోరు కదుపుతున్నాను, మాట మాత్రం రావడం లేదు. బొమ్మ కింద శబ్దం గీతలు ఉండాల్సిన పట్టీయే లేదు.

"స్పీకర్ బంద్ ఉందేమో జూడు."

పాట పెడితే స్పీకర్ మోగింది. మ్యూట్ కూడా లేదు. క్లిప్ తీసేసి మళ్లీ తెచ్చాను. ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ పెట్టాను. అదే మూగనోము.

పోనీ, గొంతు మళ్లీ చెప్పి అతికిద్దామనుకున్నాను. నన్ను నేను చూసుకుంటూ పాఠమంతా ఇంకోసారి చెప్పి కలిపాను. ఆయన వెనక నిలబడి చూశారు.

"నువ్వు నోరు మూసినంక మాటొస్తుంది. ముందు మెరుపు, తర్వాత ఉరుము," అన్నారు.

ఒళ్లు మండి ల్యాప్‌టాప్ మూసేశాను.

మర్నాడు, కామ్‌రేజ్‌లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే నా పాత విద్యార్థిని ఒకామెకు ఫోన్ చేశాను. పెళ్లిళ్లు లేక ఆమె కూడా ఖాళీగానే ఉంది. సంగతంతా విని నవ్వింది.

"శబ్దం యాడికీ పోలే టీచర్. మీ ఫోన్ దాన్ని ఒక తీరుగ దాస్తది, మీ సాఫ్ట్‌వేర్‌కు ఆ తీరు తెల్వది. బొమ్మ తీరు తెలుసు, అందుకే అదొక్కటి చూపిస్తుంది. జర ఆ క్లిప్పులోంచి శబ్దాన్ని వేరే ఫైల్ చేసి, దానికి తెలిసిన తీరుకు మార్చుండ్రి. అప్పుడు బొమ్మ కింద పెట్టుండ్రి."

"రెండూ కలిసేదెట్ల? నిన్న నేను అతికిస్తే మెరుపు తర్వాత ఉరుమొచ్చినట్టైంది."

"మీరు షురూల చప్పట్లు కొడ్తరు గద టీచర్. చేతులు కలిసిన కాడ శబ్దం గీత పైకి లేస్తది. ఆ రెండూ ఒక్క కాడికి తెండ్రి, అయిపాయె."

మార్చే సాఫ్ట్‌వేర్ ఏదో ఆమే పంపింది. చెప్పినట్టే చేశాను. గీతలు వచ్చాయి. ఎత్తుగా లేచిన గీతను మెల్లగా జరిపి చేతుల కిందికి తెచ్చాను. చప్పట్లు సరిగ్గా చేతుల్లోంచే మోగాయి. నా మాట నా నోట్లోంచే వచ్చింది.

తెర మీద నేను ఉడుత బొమ్మ ఎత్తి, "ఇదేంది పిల్లలూ?" అని అడిగి ఆగాను.

ఆ ఆగినచోట, ఫోన్‌కు దగ్గరగా, సన్నగా ఒక గొంతు: "ఖిస్‌కోలీ."

వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. ఖిస్‌కోలీయే. వీధిలో గుజరాతీ నేర్చుకునే మా పిల్లలు ఏటా ఆ బొమ్మకు అరిచేది ఆ మాటే. తెర మీద నేను "ఉడుత" అన్నాను. "ఉడుతా," అని పిల్లల్లాగే సాగదీసింది ఆ గొంతు. ఊయలకు ముందు "హీంచ్‌కో" అని, నేను చెప్పాక "ఊయలా" అంది.

ఆయన వంటింట్లో బెండకాయలు తరుగుతున్నారు. ల్యాప్‌టాప్ అక్కడికే పట్టుకుపోయి వినిపించాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"నువ్వు అడిగి ఊకుంటున్నవ్. ఎవరూ పలుకకపోతే ఎట్లనో అనిపించింది. మెల్లగ అన్న, ఫోన్ల పడదనుకున్న."

"ఖిస్‌కోలీ అంటరని మీకెవరు చెప్పిండ్రు?"

"నువ్వే గద, అన్నం తినేటప్పుడు. ఏటేటా చెప్తవ్."

ఇన్నేళ్లూ కంచంలోంచి తలెత్తకుండా తినే మనిషికి బడి కబుర్లు చెప్తుంటే, గోడకు చెప్పుకుంటున్నానని అనుకునేదాన్ని. బెండకాయలు మరీ పెద్దగా తరిగారని అన్నాను.

"నా గొంతు కోసెయ్యి," అన్నారు ఆయన.

కోయలేదు. ఉన్నదున్నట్టు పంపాను.

బయట అంబులెన్సుల కూత తప్ప ఇంకేమీ వినపడని రోజులు. సాయంత్రానికి తల్లుల ఫోన్ల నుంచి పిల్లల గొంతులు రావడం మొదలైంది. ఒక తల్లి అడిగింది: "ఆ పలికే పిలగాడెవరు టీచర్? మావోడు వానికంటే ముందుగాల చెప్పాలని ఉర్కుతుండు."

ఆయనకు వినిపిస్తే కత్తిపీట పక్కన పెట్టి, కళ్లు తుడుచుకునేంత నవ్వారు. ఆ తర్వాత ఏ పాఠానికీ పలకకుండా ఉండలేదు. అప్పుడప్పుడు కావాలనే తప్పు చెప్పేవారు.

మిల్లు తెరిచాక ఆయన మళ్లీ బైక్ మీద పల్సానా వెళ్లడం మొదలుపెట్టారు. ఆ రోజు ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి ఒక్కదాన్నే పాఠం చెప్పాను. ప్రశ్న అడిగి, అలవాటుగా ఆగాను కూడా.

రాత్రి అన్నం దగ్గర కూర్చుంటూ ఆయనే అడిగారు. "ఇయ్యాల ఏ అక్షరం?"

"ఐ."

అన్నం కలుపుతున్న చెయ్యి ఎత్తి, ఐదు వేళ్లూ విప్పారు. "పాంచ్."

"ఐదు," అన్నాను.

"ఐదూ," అని సాగదీసి, చారు పొయ్యమని కంచం ముందుకు జరిపారు.