చుట్ట వద్దన్న గ్యానీ గారు

ఉదయం ఆరూ పదికి మా మూడు ట్రక్కులూ హైవే దిగాయి. భోగాపురం దాటాక, కొత్త విమానాశ్రయం గోడ పక్కనుంచి సముద్రం వైపు తిరిగాం. తుపాను తీరం దాటి ముప్పై గంటలైంది. సన్నగా వాన. గాలి ఆగ్నేయం నుంచి. సరుగుడు తోటలన్నీ ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి. నాలుగు కిలోమీటర్ల దారికి రెండు గంటల యాభై నిమిషాలు పట్టింది. పడిపోయిన చెట్లని కోసుకుంటూ వెళ్ళాలి మరి.

మాది సిక్కుల కంపెనీ. మాది అంటున్నాను గానీ నేను సిక్కుని కాను, బొబ్బిలి దగ్గర పల్లెటూరివాణ్ణి. రేడియో ఆపరేటర్ని. వీపు మీద పదకొండు కిలోల సెట్టు, నడుముకి రెండు బ్యాటరీలు. అప్పటికి ఆరేళ్ళుగా వాళ్ళతోనే ఉన్నాను. మంచులో వాళ్ళ పక్కనే పడుకున్నాను, వాళ్ళ చేతి రొట్టె తిన్నాను. ఆ ఆరేళ్ళూ మా వైపు మనుషుల గురించి గొప్పలు కొట్టుకున్నాను. ఇప్పుడు వాళ్ళని మా గడ్డ మీదకే తీసుకొచ్చాను. లోపల కొంచెం బెదురుగానే ఉంది.

ఇంటికొచ్చిన చుట్టాలు సరిహద్దు కబుర్లు చెప్పమంటారు. నేను చెప్పేది మాత్రం ఎప్పుడూ ఈ పదకొండు రోజుల డ్యూటీయే. ఇందులో తుపాకీ లేదు. చుట్ట ఉంది.

ఆర్డర్లు మూడు. దారి తెరవాలి. పొంగిన గెడ్డ, అంటే మా వైపు వాగు, దాని అవతల చిక్కుకున్నవాళ్ళని పడవలో ఇవతలికి తేవాలి. అందరికీ తిండి పెట్టాలి. మకాం ఊరి చివర ఎత్తు మీదున్న హైస్కూలు. కింది గదుల్లో అప్పటికే ఊరంతా చేరి ఉంది. మేడ మీద పొడిగా ఉన్న గది ఒక్కటే. కంపెనీ కమాండర్ దాన్ని చూసి, "ఇది గురువు గారికి," అన్నారు. తను మాత్రం వరండాలో పరుపు చుట్ట దించుకున్నారు.

గురువు గారంటే ఎవరో పెద్దాయన దిగుతారని ఊరివాళ్ళు ట్రక్కు వైపు చూస్తున్నారు. దిగింది మా గ్యానీ. పటాలంలో పూజలూ ప్రార్థనలూ చూసే ధర్మోపాధ్యాయుణ్ణి అలా అంటారు. యాభై ఏళ్ళుంటాయి. నెరిసిన గెడ్డం. చెప్పులు లేకుండా మోకాలి లోతు బురదలో నడుస్తున్నాడు. తల మీద పట్టుబట్ట చుట్టిన పెద్ద గ్రంథం. వెనక ఒక జవాను తడవకుండా గొడుగు పట్టాడు.

"గురువేడి బాబూ?" అని అడిగాడు పాస్టరు. ఆ ఊళ్ళో బాప్టిస్టు చర్చి ఆయనది. రేకులన్నీ గాలికి ఎగిరిపోయాయి.

"ఆ పుస్తకమేనండీ."

నాకు తెలిసింది చెప్పాను. వాళ్ళకి పదిమంది గురువులు. మొదటివాడు గురు నానక్. పదోవాడు గురు గోవింద్ సింగ్. తన తర్వాత మనిషి గురువు ఉండడనీ, ఇక గ్రంథమే గురువనీ ఆయన చెప్పి వెళ్ళాడు. అందుకే ప్రాణమున్న మనిషిలాగే చూసుకుంటారు. పొద్దున్నే తెరుస్తారు, వింజామర వీస్తారు, సాయంత్రం బట్ట కప్పి పడుకోబెడతారు. పాస్టరు చాలాసేపు మేడ వైపే చూశాడు.

"పుస్తకానికి ఇంత మరియాదా! మా వోళ్ళని తీసుకొచ్చి సూపించాల," అన్నాడు.

పదకొండున్నరకి లంగర్ మొదలైంది. ఓడని కట్టే లంగరు కాదు. ఎవరొచ్చినా అన్నం పెట్టే వాళ్ళ వంటిల్లు. మా వంటవాడు ఇనప పెనం మీద రొట్టెలు కాలుస్తున్నాడు, పెద్ద డేగిసాలో పప్పు ఉడుకుతోంది. నియమాలు నాలుగు. తల మీద గుడ్డ. కాళ్ళకి చెప్పులు లేకుండా. అందరూ నేల మీద ఒకే వరస. పొగాకు దరిదాపులకి రాకూడదు.

మొదటి ఇబ్బంది వరస దగ్గరే వచ్చింది. ఊరివాళ్ళు మూడు గుంపులుగా కూర్చున్నారు. గుంపుకీ గుంపుకీ మధ్య ఆరేసి అడుగుల ఖాళీ. ఎందుకో నాకు తెలుసు. నా చెవులు ఎర్రబడ్డాయి. గ్యానీ ఆ ఖాళీలు చూశాడు. నలుగురు జవాన్లని పిలిచి ఒక ఖాళీలో, మరో నలుగుర్ని ఇంకో ఖాళీలో కూర్చోబెట్టాడు. అంతే, ఒకే వరస అయిపోయింది. జనం ఆకలి మీదున్నారు, లేచి సర్దుకునే ఓపిక ఎవరికుంది! మొదటి రొట్టె పడ్డాక ఎవరి పక్కన ఎవరున్నారో ఎవరూ చూసుకోలేదు.

ఒక్కరు మాత్రం లేరు. బోరింగు దగ్గర గట్టు మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. అడ్డపొగ తాగుతోంది, అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని.

"మామ్మా, భోంచెయ్యవా?"

"ఆకలి నేదు."

పక్కనున్న ఆడమనిషి నా చెయ్యి పట్టుకు లాగింది. "అబద్ధం బాబూ. గాలి ఏసిన కాణ్ణుంచి మంచినీళ్ళే. నర్సమ్మ మామ్మ అంటారు. పంటకోతలప్పుడు ఇరవై మందికి తన సేత్తో వండి పెట్టే మనిషి. ఒకరి ముందు సెయ్యి సాపదు."

రేడియోలో హెడ్‌క్వార్టర్స్‌కి చెప్పాను. వాళ్ళ పిలుపు పేరు డెల్టా, మాది ఎకో.

"డెల్టా, ఇక్కడ ఎకో. లంగర్ నడుస్తోంది. ఒక ముసలావిడ తినడం లేదు. ఓవర్."

"ఎకో, డాక్టర్ని పంపాలా? ఓవర్."

"ఇది జ్వరం కాదు సార్, అభిమానం. ఓవర్."

"దానికి మా దగ్గర మందు లేదు. నువ్వే చూసుకో. అవుట్."

రెండింటికి ఆవిడే లేచి వచ్చింది. చేతిలో చిన్న గుడ్డమూట. తిన్నగా గ్యానీ ముందు నిలబడి విప్పింది. ఆరు చుట్టలు. ఇల్లంతా పోయినా, వాసానికి వేలాడదీసిన ఆ మూట ఒక్కటే తడవకుండా మిగిలిందట. అందులో మంచిది ఏరి, రెండు చేతులా పట్టుకుని ఇచ్చింది.

"ఇంత దూరం నుంచొచ్చి మా ఊరికి కూడెడతన్నావు. నా కాడ ఉన్నది ఇదే. తీసుకో బాబూ."

వడ్డిస్తున్న జవాన్లందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. గ్యానీ చేతులు వెనక్కి తీసుకున్నాడు. చేతులు జోడించి నా వైపు చూశాడు, చెప్పమన్నట్టు. అక్కడ నేను చేసిన వెధవ పని ఇప్పటికీ గుర్తుంది. కంగారులో, "పొగాకు వీళ్ళకి పాపం మామ్మా, అవతలికి తీసెయ్," అన్నాను.

ఆవిడ మొహం మాడిపోయింది. చుట్టని జాగ్రత్తగా మూటలో పెట్టుకుంది.

"అలగా! నా సేతిది పుచ్చుకోనోడి కూడు నేనెలగ తింతాను?"

మళ్ళీ వెళ్ళి గట్టు మీద కూర్చుంది. సాయంత్రం తినలేదు. మర్నాడు పొద్దున్న టీ కూడా ముట్టలేదు. పదింటికి బకెట్టు ఎత్తబోతే చేతులు వణికి నీళ్ళన్నీ ఒలికాయి. మా డాక్టర్ నాడి చూసి, ఇవాళ కడుపులో ఏదైనా పడకపోతే సెలైన్ పెట్టాలన్నాడు. ఇంత చేటూ తెచ్చింది నా నోరే.

గ్యానీకి జరిగిందంతా చెప్పాను, నేనన్న మాటతో సహా. ఆయన కోప్పడలేదు. వెళ్ళి బోరింగు దగ్గర, గట్టు మీద కాదు, కింద బురదలో ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఈసారి నేను ఒక్కో మాటా ఆచితూచి తెలుగులో పెట్టాను.

"అమ్మా, నిన్న వద్దన్నది పొగాకుని. మీ చేతిని కాదు."

మణికట్టుకున్న ఉక్కు కడియం చూపించాడు. దీక్ష తీసుకుని అమృతం పుచ్చుకున్నప్పుడు గురువు ఎదట మాటిచ్చాను, అన్నాడు. జుట్టు కత్తిరించను. దువ్వెన, కడియం, కచ్చేరా అనే పొట్టి లాగు, కిర్పాన్ అనే చిన్న కత్తి ఒంటి మీదనుంచి తియ్యను. పొగాకు ముట్టను.

"ఒట్టుందని ముందే సెప్పొచ్చు కదా! ఈ గుంటడు పాపం గీపం అన్నాడు," అని నా వైపు ఉరిమి చూసింది. "సరే, ఒట్టు ఒట్టే. మరింకేటి పుచ్చుకుంతావు? నా కాడ ఇంకేటీ నేదు."

"చేతులున్నాయి కదమ్మా."

"సేతులేటి సేసుకుంతావు?"

గ్యానీ నవ్వాడు. లంగర్ మొదలుపెట్టింది గురు నానక్ అని చెప్పాడు. మూడో గురువు అమర్‌దాస్ ఒక కట్టుబాటు పెట్టాడట. తన దగ్గరికి ఎవరొచ్చినా ముందు పంక్తిలో కూర్చుని తినాలి, తర్వాతే దర్శనం. పాదుషా వచ్చినా అంతేనని మా పెద్దలు చెప్పుకుంటారు, అన్నాడు.

"రాజు కూడా నేల మీదేనా?"

"నేల మీదే."

"మరి వడ్డన ఎవులు సేసేరు?"

"తిన్నవాళ్ళే. ఇవాళ తిన్నవాడు రేపు వండుతాడు. ఇక్కడ పెట్టేవాడొకడూ, చెయ్యి చాపేవాడొకడూ ఉండరమ్మా. దాన్ని సేవ అంటాం."

మామ్మ మెడ ఎత్తి వంటింటి వైపు చూసింది.

"అలగైతే ఒక మాట. ముందు నా సేతి రొట్టె నువ్వు తినాల. ఆనక నేను తింతాను."

"ఒప్పుకున్నాను."

లేచింది. తిన్నగా వంటింటి వైపు నడిచింది. నోరు మూసే ఉంది, పొగ కనబడదు. గుమ్మం దగ్గరికెళ్ళి, మొహమాటంగా నవ్వి, నోట్లోంచి మండుతున్న చుట్ట బయటికి తీసింది. మా వంటవాడు ఆరడుగుల మనిషి. ఒక్క గంతులో పప్పు డేగిసా వెనక్కి వెళ్ళిపోయాడు.

"నిప్పు తింటోంది! ఈవిడ నిప్పు తింటోంది!"

ఆ అరుపుకి కంపెనీ అంతా పరిగెత్తుకొచ్చింది. గెడ్డం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ పొట్టలు పట్టుకుని నవ్వాం. మామ్మ చుట్టని అవతల పడున్న తాటి మొద్దు మీద పెట్టింది. మూడుసార్లు నోరు పుక్కిలించింది, చేతులు కడుక్కుంది, కొంగు తల మీదకి లాక్కుని లోపలికొచ్చింది.

రొట్టె చెయ్యడం ఆవిడకి వచ్చు. చోడి రొట్టె, అంటే రాగి రొట్టె. గోధుమ పిండిని కూడా అలాగే అరచేత్తో తట్టింది. అరంగుళం మందం వచ్చింది, ఒక పక్క మాడింది. తన రొట్టెలు పౌర్ణమి చంద్రుడిలా ఉంటాయని గర్వపడే మా వంటవాడు ఆకాశంకేసి చూశాడు. గ్యానీ పంక్తిలో కూర్చుని రెండు చేతులూ చాపాడు. మామ్మ వేసింది. ఆయన నమిలాడు. చాలాసేపు నమిలాడు.

"వాహెగురు," అని దేవుణ్ణి తలుచుకున్నాడు చివరికి. రెండోది అడిగాడు.

అప్పుడు ఆవిడ ఆయన పక్కన కూలబడింది. పన్నెండూ నలభై. టైము నేనే లాగ్ పుస్తకంలో రాశాను. రాస్తుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, సిగ్గేం పడను.

"డెల్టా, ఇక్కడ ఎకో. మామ్మ తింటోంది. ఓవర్."

"ఎన్ని? ఓవర్."

"నాలుగో రొట్టె. ఓవర్."

"శభాష్. అవుట్."

అయిదో రోజుకి వంటింట్లో పదకొండు మంది ఆడవాళ్ళు చేరారు. తాటి మొద్దు మీద పదకొండు చుట్టలు వరసగా. గంటకొకరు బయటికెళ్ళి రెండు దమ్ములు లాగి, పుక్కిలించి, కొంగు సవరించుకుని మళ్ళీ సేవలోకి వచ్చేవారు. గ్యానీ ఆ మొద్దు చుట్టూ పది అడుగుల ఎడంగా నడిచేవాడు. మానెయ్యమని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు, నిప్పు లోపలికెందుకు పెట్టుకుంటారని.

"గాలికి ఆరిపోదు. నాట్లేసినప్పుడు రెండు సేతులూ బురదలో ఉంతాయి కదా, పట్టుకునేదెవులు?" అంది మామ్మ.

ఆయనకి ఆ జవాబు ఎంతో నచ్చింది. గురు నానక్ మూడు చెప్పాడని మాకు ఆదివారం ఆదివారం చెప్పేవాడు. దేవుడి పేరు తలుచుకో, కష్టపడి సంపాదించు, పంచుకుని తిను. "రెండోదీ మూడోదీ ఈ ఊళ్ళో నేను చెప్పక్కర్లేదు," అన్నాడు ఆ సాయంత్రం.

పదకొండో రోజు. ఆకాశం తేటగా ఉంది. దారి తెరిచాం. గెడ్డ అవతలివాళ్ళందరూ ఇవతలికొచ్చారు. చర్చి మీదకి రేకులెక్కాయి. ఎనిమిదింటికి బయలుదేరాలని ఆర్డరు. ఏడూ నలభై అయిదుకి గురువు గారు గ్యానీ తల మీద మేడ దిగి, ట్రక్కులో పరిచిన తెల్లదుప్పటి మీదకి చేరారు. ఇంజన్లు స్టార్టు చేశాం.

దారికడ్డంగా నర్సమ్మ మామ్మ నిలబడింది. వెనక ఊరంతా. అందరి తలల మీదా గుడ్డలు. స్కూలు గ్రౌండులో తాటాకు చాపలు ఒకే గీతలా పరిచి ఉన్నాయి.

"దిగండి బాబూ. తిన్నోళ్ళు వండాలని మీరే సెప్పేరు. కూకోండి."

కమాండర్ గడియారం చూశారు. నన్ను చూశారు. బూట్లు విప్పడం మొదలుపెట్టారు.

"ఎకో, కదిలారా? ఓవర్."

"లేదు డెల్టా. దారి బ్లాక్ అయింది. ఓవర్."

"చెట్టా? ఓవర్."

"పంక్తి. ఓవర్."

నెల్లిమర్ల నుంచి ఎవరి చుట్టాలో తెచ్చిన చోళ్ళతో అంబలి కాచారు. నంజుకోడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. మూడు గుంపులుగా కూర్చున్న ఊరే, ఇప్పుడు ఎవరు ఎవరికి పోస్తున్నారో చూసుకోకుండా తిరుగుతోంది. ఆరేళ్ళు నేను కొట్టిన గొప్పలన్నీ నిజమైపోయాయి. కమాండర్ పక్కన తాటిచెట్లెక్కే ఆయన. గ్యానీ పక్కన పాస్టరు. మా వంటవాడు మూడో గ్లాసు అడుగుతున్నాడు.

గ్యానీకి అంబలి గ్లాసుతో తాగడం అలవాటు లేదు. ఎత్తి పట్టేసరికి సగం గెడ్డంలోకి పోయింది. నెరిసిన గెడ్డమంతా చోడి రంగైంది. పంక్తి పంక్తంతా నవ్వింది. మామ్మ అంబలి కుండ కింద పెట్టి, ఆయన ముందు గొంతుక్కూర్చుంది.

తర్వాత చాలా చోట్ల పనిచేశాను. పెన్షన్ తీసుకుని ఇంటికొచ్చాను. ఎన్నో కొండలూ ఎన్నో మొహాలూ చెరిగిపోయాయి. ఇది చెరగలేదు. మామ్మ ఒక చేత్తో ఆయన చుబుకం పట్టుకుని, రెండో చేత్తో తడి కొంగుతో ఆ గెడ్డం తుడుస్తోంది, "కదలకురా నాయనా, కదలకు," అంటూ. నడుముకి కిర్పాన్ కట్టుకున్న యాభై ఏళ్ళ మనిషి కళ్ళు మూసుకుని, మొహం పైకెత్తి, కదలకుండా కూర్చున్నాడు.