తీగ తెగిన కారులో చల్లగాలి

దయ్యాలూ భూతాలూ అంటే నాకు నవ్వొచ్చేది. కార్ల వైరింగ్ పని చేసేవాడికి అలాంటివి నమ్మే తీరిక ఉండదు. హారన్ దానంతటదే మోగుతోందని, ఆపి ఉంచిన బండిలో లైట్లు వెలుగుతున్నాయని భయపడి నా దగ్గరకు వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. కొందరైతే ముందు బండికి నిమ్మకాయలు తిప్పించి, అప్పుడు నా దగ్గరకు వచ్చారు. ప్రతిసారీ నాకు దొరికింది ఒరుసుకుపోయిన వైరో, నీళ్లు దిగిన స్విచ్చో. కరెంటుకు దారి ఉంటే పోతుంది, లేకపోతే పోదు. ముప్పై ఏళ్లుగా ఈ ఒక్క మాట మీదే అన్నం తింటున్నాను. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది విని నన్ను పిచ్చోడి కింద జమకట్టకండి.

నా పేరు యాదగిరి. మాది నల్గొండ దగ్గర పల్లె. హైదరాబాద్ ఎల్‌బీ నగర్‌లో కార్ల ఎలక్ట్రిక్ పనులు చేసే చిన్న షాపు ఉంది. ఇల్లు మీర్‌పేట్‌లో. ఇంట్లో నేను, నా భార్య పద్మ, మా అమ్మాయి స్వాతి.

మాకో పాత కారుంది. దాని ఏసీ రెండు ఎండాకాలాలుగా పనిచేయలేదు. ఏముందిలే, ఒక పూట పని, ఆదివారం చూద్దాం అనుకుంటూ వాయిదా వేశాను. మా పనివాళ్లందరిదీ ఇదే జబ్బు, సొంత బండి దగ్గరికి వచ్చేసరికి చేతులు లేవవు. పైగా ఒకసారి ఎవరిదో గిరాకీ బండికి అర్జెంటుగా ఏసీ రిలే కావలసివస్తే, నా కారులోది పీకి దానికి పెట్టాను. రిలే అంటే చిన్న డబ్బీలాంటిది. అది లేకపోతే ఏసీ కంప్రెసర్‌కు కరెంటు పోదు. రేపు కొత్తది తెచ్చి పెట్టుకుందాం అనుకుని, తర్వాత ఆ సంగతే మరిచిపోయాను.

పద్మకు గుండె బలహీనం. ఎండ అసలు పడేది కాదు. కారెక్కినప్పుడల్లా కొంగుతో విసురుకుంటూ నన్ను ఎత్తిపొడిచేది.

“ఊరోళ్ల కార్లన్నీ సల్లగ చేస్తవు. మనది మాత్రం పొయ్యి లెక్క ఉంచినవు.”

నేను నవ్వి ఊరుకునేవాణ్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వుకు నన్ను నేనే చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

పోయిన మే నెలలో ఒక మధ్యాహ్నం స్వాతి షాపుకు ఫోన్ చేసింది. అమ్మకు ఊపిరాడటం లేదంది. అంబులెన్స్ కోసం అడిగితే అరగంట పడుతుందన్నారట. నేను కారేసుకుని ఇంటికి పోయాను. ముందు సీటు వెనక్కి వాల్చి పద్మను కూర్చోబెట్టాం. స్వాతి వెనక కూర్చుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో పద్మను ఎప్పుడూ చూపించే దవాఖానకు బయలుదేరాం.

కొత్తపేట దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. బండ్లు అంగుళం కూడా కదలటం లేదు. ఎండ నేరుగా అద్దంలోంచి పద్మ ముఖం మీద పడుతోంది. నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటోంది. హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండా కొట్టాను, ఏం లాభం. అద్దం దించితే వేడిగాలి, పొగ. ఎత్తితే ఉక్క. ఇంకేం చేయాలో తోచలేదు. పనిచేయదని తెలిసి కూడా ఏసీ బటన్ నొక్కాను.

టక్కుమని శబ్దం వచ్చింది. కంప్రెసర్ అందుకున్నప్పుడు వచ్చే శబ్దం అది, రోజూ వినేదే. ఇంజన్ ఒక్క క్షణం బరువెక్కి మళ్లీ సర్దుకుంది. ఆ తర్వాత చల్లగాలి వచ్చింది.

మామూలు చల్లదనం కాదు. కాసేపట్లోనే అద్దాలకు ఆవిరి పట్టింది. స్వాతి తన చున్నీ తీసి వాళ్లమ్మ మీద కప్పింది. తన చేతుల మీద కూడా రోమాలు నిక్కబొడుచుకున్నాయని తర్వాత చెప్పింది.

పద్మ కళ్లు మూసుకుని, “అబ్బ, పానం లేసొచ్చింది,” అంది. కొంచెం ఆగి, “గిది ఎప్పుడు బాగు చేసినవు?” అని అడిగింది.

“పొద్దుగాల్నే చేసిన,” అన్నాను.

అబద్ధం. ఎందుకన్నానో నాకే తెలియదు. ఎక్కడో లూజు కాంటాక్టు తగిలి ఉంటుందిలే అనుకున్నాను. ఆమె నా చేతి మీద రెండుసార్లు తట్టింది. దవాఖాన వచ్చేదాకా తేలిగ్గా ఊపిరి తీసుకుంది.

ఆమెను స్ట్రెచర్ మీదికి మార్చి లోపలికి తీసుకుపోయాక, గేటు దగ్గరి సెక్యూరిటీ అతను నన్ను పిలిచి, కారు కింద నీళ్లు కారుతున్నాయని, రేడియేటర్ పోయిందేమో చూసుకొమ్మని చెప్పాడు. వంగి చూశాను. ఏసీ నీళ్లు పడే గొట్టం కిందే చిన్న మడుగు కట్టింది. వేలు పెడితే చల్లగా తగిలాయి. ఏసీ ఆడితేనే అక్కడ నీళ్లు పడతాయి.

ఆ సాయంత్రం పద్మ పోయింది.

దినాలు అయిపోయాక షాపు తెరిచాను. ఆ రోజు ఏ గిరాకీ బండినీ ముట్టుకోలేదు. నా కారు బానెట్ ఎత్తాను. నాకు కావలసింది ఒక్కటే, ఆ లూజు కాంటాక్టు. అది దొరికితే ఆ రోజు ఏసీ నిజంగానే ఆడిందని, నా భార్య చివరి ప్రయాణంలో ఉడికిపోలేదని నమ్మొచ్చు.

రిలే ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. చూడగానే గుర్తొచ్చింది, నేనే పీకాను కదా అని. అయినా వదల్లేదు, కరెంటు ఇంకో దారిన పోయి ఉండొచ్చని కంప్రెసర్ వైరు వెంట చేత్తో తడుముకుంటూ పోయాను. సగం దారిలో వైరు తెగి ఉంది. ఎలుక కొరికినట్టుంది. రెండు కొసల మధ్య నాలుగు వేళ్ల సందు. లోపలి రాగి పచ్చగా చిలుము పట్టింది, అంటే నిన్నా మొన్నా తెగింది కాదు. కరెంటు ఉందో లేదో చూసే టెస్ట్ ల్యాంప్ పెట్టి చూశాను, వెలగలేదు. ఇంకోసారి పెట్టాను. ఎన్నిసార్లు పెట్టానో చెప్పలేను.

పక్క షాపు సుబ్బారావు గారిది గుంటూరు వైపు. ఏసీలకు గ్యాస్ నింపుతారు. ఆయన్ని పిలిస్తే వచ్చి గ్యాస్ కొలిచే గేజీ తగిలించారు.

“ఇందులో గ్యాస్ అస్సల్లేదండీ యాదగిరి గారూ. ముల్లే లేవట్లేదు. పైపుకి చిల్లు పడి చాలా కాలం అయినట్టుంది,” అన్నారు.

అప్పుడు ఆయనకు జరిగిందంతా చెప్పాను. ఆయన గేజీ విప్పి గొట్టాలు చుట్ట చుట్టుకున్నారు.

“చెమట పట్టిన ఒంటికి ఉత్త గాలి కూడా చల్లగానే తగులుతుందండీ,” అన్నారు చివరికి.

నన్ను ఓదార్చడానికే అన్నారు. కానీ ఆ మాట నాకు ఓదార్పు కాలేదు. అంటే పద్మ ఆ వేడిలోనే పోయిందా? నేను బాధపడతానని బాగుందని చెప్పిందా? మరి ఆ నీళ్లేమిటి అని అడిగాను. ఆయన వంగి కారు కింద ఆ గొట్టాన్ని తడిమి చూసి, తల అడ్డంగా ఊపారు.

ఆ రోజే కొత్త వైరు వేశాను. కొత్త రిలే పెట్టాను. సుబ్బారావు గారు పైపు మార్చి గ్యాస్ నింపారు. మధ్యాహ్నం అన్నం వేళకల్లా అంతా అయిపోయింది. రెండేళ్లు వాయిదా వేసిన పని ఇంతే. చేయని పనికి నన్ను మెచ్చుకుని పోయిందే అని షాపు ముందే కూర్చుని ఏడ్చాను. రోడ్డు మీద పోయేవాళ్లు చూస్తున్నా ఆగలేదు.

మరుసటి రోజు మధ్యాహ్నం, అదే వేళకు, స్వాతిని తీసుకుని అదే దారిలో పోయాను. వాళ్లమ్మ కూర్చున్న సీట్లోనే కూర్చుంది. మీర్‌పేట్‌లో బయలుదేరినప్పటి నుంచి ఏసీ పూర్తిగా పెట్టి ఉంచాను. కొత్తపేట దగ్గర మళ్లీ ట్రాఫిక్ ఆగింది.

“ఎట్లుంది బిడ్డా?” అని అడిగాను.

స్వాతి గాలి వచ్చే చోట అరచెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది.

“మంచిగనే ఉంది డాడీ. కానీ ఆ రోజు ఇంకా సల్లగుండె.”

ఆ రోజు ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. గ్యాస్ మళ్లీ కొలిపించాను, సరిగ్గా ఉంది. వైరింగ్‌లో వంక పెట్టడానికి ఏమీ లేదు. అంతకంటే చల్లగా చేయడం నాకు చేతకాదు.