ఏడిపించే సంగీతం కావాలి

పదో తరగతి వీడ్కోలు సభకు వీడియో చేసే పని నేనే మీద వేసుకున్నాను. పిల్లలు ఆరో తరగతిలో చేరినప్పటి నుంచీ తీసిన ఫోటోలన్నీ నా ఫోన్లోనే ఉన్నాయి, చిన్న చిన్న వీడియోలతో సహా. కావాల్సిందల్లా వెనకాల వినిపించే సంగీతం. అదీ మామూలుది పనికిరాదు, గొంతుకు అడ్డం పడేది కావాలి. పిల్లలు ఏడవాలి. ఒక్కరైనా సరే.

ఎందుకంత పట్టుదలంటే, ఆ వేసవికి నాకు బదిలీ తప్పదని తేలిపోయింది. ఆ పిల్లలతో పాటే నేనూ ఆ బడి వదిలిపెడుతున్నాను. ఇన్నేళ్ళూ వాళ్ళకు లెక్కలు చెప్పిందెక్కువో, అరిచిందెక్కువో నాకే తెలియదు. నా గొంతు గేటు దాకా వినిపిస్తుందని బళ్ళో పేరు. ఈ మనిషి పీడ విరగడైందని సంబరపడతారేమోనని లోపల ఒకటే గుబులు. నా కోసం ఒక్క కన్ను తడిస్తే చాలు, నిశ్చింతగా కొత్త బడికి పోతాను.

డోన్ నుంచి బడికి బస్సులో వస్తూ పోతూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వెతికాను. ‘మనసును కదిలించే సంగీతం’ అని కొడితే ఫోన్ ఎన్ని చూపించిందో! పియానో వింటే పెద్ద హోటల్లో లిఫ్టు కోసం నిలబడ్డట్టుంది. వేణువు పెడితే ప్రాణాయామం చెయ్యాలనిపించింది. చివరికి ఒక వయొలిన్ దొరికింది. అబ్బ, ఏం వయొలిన్! కిటికీ పక్కన శనగ చేలు వెనక్కి పోతుంటే నాకే బొటబొటా కన్నీళ్ళు. పక్క సీటామె భయపడి, “ఏమైందమ్మా, ఇంట్లో అంతా బాగుండారా?” అని అడిగింది. బాగున్నారని చెప్పి, సంతోషం పట్టలేక మళ్ళీ మొదటి నుంచి పెట్టుకున్నాను.

ఇంట్లో కూర్చుని వీడియో తయారుచేశాను. పిల్లల మాటలూ గోలా అన్నీ తీసేసి వయొలిన్ ఒక్కటే ఉంచాను. మర్నాడు మధ్యాహ్నం స్టాఫ్ రూములో దాన్ని పెట్టి మురిసిపోతున్నాను. ఒక్కో ముఖం నెమ్మదిగా దగ్గరకొచ్చి, నెమ్మదిగా మసకబారుతోంది. బళ్ళో అన్నం వండే అవ్వ నాకు మజ్జిగ తెచ్చి, అలాగే నిలబడి చూసింది. గ్లాసు బల్ల మీద పెట్టి గుండె మీద చెయ్యి వేసుకుంది.

“అయ్యో, ఎవురు పోయినారు మేడం?”

“ఎవరూ పోలేదవ్వా. ఇది వీడ్కోలు వీడియో.”

“మరి ఆ చావింటి పాట యాల పెట్టినారు? రేపు పరీచ్చలు రాసే పిల్లోళ్ళు. తీసేయండి మేడం, శానా తప్పు.”

నోటు పుస్తకాలు తెచ్చిన క్లాసు లీడరు పిల్ల గుమ్మంలో నిలబడి ఫక్కున నవ్వింది. నాకు కోపం నషాళానికి అంటింది. కానీ మళ్ళీ చూసుకుంటే అవ్వ మాట నిజమే, మా పిల్లలందరికీ దండలొక్కటే తక్కువ.

“మాకియ్యండి మేడం, మేం చేస్తాం,” అంది లీడరు. “పాట మా దగ్గర ఉండాది.”

“ఏం పాట?”

“సభ పొద్దు మీరే ఇందురులే.”

చేసేదేం లేక వాళ్ళ నాయన ఫోనుకు ఫోటోలూ వీడియోలూ అన్నీ పంపించాను.

సభ రోజు ఆడపిల్లలు అమ్మల చీరల్లో వచ్చారు. అవగానే భోజనాలు కాబట్టి అందరి ఒళ్ళోనూ ప్లేట్లున్నాయి. పెద్ద డిజిటల్ బోర్డు మీద వీడియో మొదలైంది. సంగీతమే లేదు! నేను లేవబోయేంతలో బోర్డులోంచి టక్, టకటక్ అని చప్పుడు. అన్నం వరసలో నిలబడి ప్లేట్లు కొట్టే చప్పుడు. రోజూ నేను వద్దని మొత్తుకునే చప్పుడే. దాని మీద గణగణమంటూ నా గొంతు.

“ఇది బడా, జాతరా?”

ప్లేట్లు మళ్ళీ టకటక్. “టోపీ ఏదీ? ఎండలో ఎక్కడికి పోతున్నావు?” టకటక్. “తిన్నావా లేదా? నిజం చెప్పు!” నేను తీసేసిన చప్పుళ్ళన్నిట్లోంచి నా తిట్లు ఏరి, దరువుకు సరిగ్గా కూర్చి పెట్టారు దొంగముండలు. ప్రతి ఫోటోకూ ఒక తిట్టు. ‘ఇది బడా, జాతరా?’ వచ్చినప్పుడల్లా క్లాసంతా గొంతు కలిపి అరిచింది. పడీ పడీ నవ్వారు. నాకూ కడుపు నొప్పి పుట్టేంత నవ్వొచ్చింది. ఒక్కరూ ఏడవలేదు, ఏడవాలన్న సంగతి నాకూ గుర్తు లేదు.

వీడియో అయిపోయింది. గది సద్దుమణిగింది. చివరి బెంచీ నుంచి ఒక ప్లేటు, టక్. అటు చూశాను. ఇటు నుంచి ఇంకొకటి. కాసేపటికి అన్నీ మోగుతున్నాయి, అందరూ నా వైపే చూస్తున్నారు. లీడరు పిల్ల ప్లేటు కొడుతూనే ఉంది, చెంపల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడం లేదు.

లేచి నిలబడ్డాను. “ఇది...” అన్నాను. గేటు దాకా వినిపించే గొంతు ముందు బెంచీ దాకా కూడా రాలేదు.

అన్నం గిన్నెతో అవ్వ గుమ్మంలోకొచ్చింది.

“అర్సండి మేడం,” అంది. “మీరు అర్సేదంక ఈళ్ళు ఆపరు.”