ట్రంకులో మైనం కాగితం

మేళ్లచెరువు దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో నేను గుమాస్తాగా చేరిన కొత్తలో, సామాను గదిని చూసుకునే మా స్టోరు సాబ్ అలవాటొకటి నాకు అంతుపట్టేది కాదు. జర్మనీ నుంచి వచ్చిన విడిభాగాల పెట్టె విప్పగానే లోపలి సరుకు మాకు వదిలేసి, దానికి చుట్టిన మైనం కాగితాన్ని అరచేత్తో సాపు చేసి, మడిచి తన ట్రంకులో దాచుకునేవాడు.

ఒకసారి సున్నపురాయి మోసే గొలుసు పిన్నులు విరిగి పని ఆగిపోయింది. కొత్తవి ఇంకా ఓడలోనే ఉన్నాయి. ఊరి కమ్మరి రెండు రోజుల్లో చేస్తాడంటే, కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు గారు ససేమిరా అన్నారు. సాబ్ గుట్టుగా ఆ కమ్మరితోనే పిన్నులు చేయించాడు. మూడోనాడు వాటికి తన ట్రంకులోని మైనం కాగితం చుట్టి ఇంజనీరు గారి దగ్గరికి పట్టుకెళ్లాడు.

"గివి పాత పెట్టె అడుగున దొరికినయ్ సార్."

"అదండీ జర్మనీ పనితనం!" అని ఇంజనీరు గారు మురిసిపోయారు. ఆ పిన్నులతోనే గొలుసు నెలల తరబడి తిరిగింది.

చివరికి ఓడ సరుకు దిగింది. సాబ్ అలవాటు కొద్దీ కాగితాలు ఒలిచి దాచుకుని, అసలు జర్మనీ పిన్నులను ఉత్తగానే తీసుకెళ్లాడు. ఇంజనీరు గారు ఒకదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ కమ్మరి సరుకు నాకొద్దని చెప్పానా?" అంటూ విసిరికొట్టారు.

సాబ్ వాటిని ఏరుకొచ్చి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"జర ట్రంకు తెరువు తమ్మీ."