కత్తి చేతికివ్వకూడదు

పచ్చిమామిడికాయను ఇనుపకత్తితో కోస్తే ఒక వాసన వస్తుంది. కాయ పులుపు, జీడి ఘాటు, వాటి వెనక తడిసిన ఇనుము వాసన కలిసి ముక్కుకు తగులుతాయి, కోసిన ముక్క అంచున సన్నగా నల్లగీత పడుతుంది. ఇంట్లోకి స్టీలు కత్తులు వచ్చాక ఆ గీతా పోయింది, ఆ వాసనా పోయింది. మొన్న బెంగళూరులో మా వీధి చివర తోపుడుబండి మీద కాయలమ్మే ఆమె, బండి కింద నుంచి తుప్పు మరకల కత్తి ఒకటి తీసి, కాయ కోసి, ఉప్పూ కారం అద్ది ఇచ్చింది. ముక్క నోట్లో పెట్టుకోకముందే నాకు మా అవ్వ నడుము గుర్తొచ్చింది. నవ్వకండి, నా చిన్నతనంలో ఆ వాసన కాపురమున్నది అక్కడే.

అవ్వంటే అమ్మకు అమ్మ. ఊరు మాలూరు తాలూకా లక్కూరు. రాగిచేను, కొన్ని మామిడిచెట్లు, పాడి ఆవులు, పట్టుపురుగుల మేతకు మల్బరీ తోట, వీటి మధ్య పొద్దున లేచింది మొదలు తిరిగే అవ్వకు కుచ్చిళ్ళ పక్కన, వక్కాకు తిత్తి వెనక, తోలు ఒరలో ఒక చిన్న కత్తి ఎప్పుడూ ఉండేది. మడిచే రకం కాదు. తుమ్మకర్ర పిడిలో బిగించిన, నాలుగు వేళ్ళ పొడుగు కత్తి. మొలకత్తి అనేది దాన్ని. వక్క చీల్చడానికీ, మల్బరీ కొమ్మ కొయ్యడానికీ, చిక్కుపడిన పలుపు తెంచడానికీ, నాకు చెరుకు చెక్కి పెట్టడానికీ, నా కాలిలో ముల్లు తియ్యడానికీ అదే. ముల్లు తీసిన కత్తితోనే మామిడికాయ కోస్తుందని అమ్మ విసుక్కుంటే, అవ్వ దాన్ని కొంగుతో ఒకసారి తుడిచి, "ఇంగేం కావాల, తళతళా ఉండాది గదా" అనేది. గడప రాయి మీద నూరీ నూరీ అది వెదురాకంత సన్నబడిపోయింది.

మేముండేది కోలారు బంగారు గనుల దగ్గర, గని కూలీలకు వరసగా కట్టిన లైను ఇళ్ళల్లో. నాయన, చిన్నాయన ఇద్దరిదీ గని లోపలి పనే. గనులు సర్కారు చేతికొచ్చి ఏళ్ళయినా అందరూ కంపెనీ అనే అనేవాళ్ళు. షిఫ్టు కూతకు లేచి, షిఫ్టు కూతకు తినేవాళ్ళం. ఎండాకాలం గాలి లేస్తే, బంగారం తీసేశాక పోసిన సైనైడు దిబ్బల తెల్లదుమ్ము ఆరేసిన బట్టల మీద, ఎండబెట్టిన వడియాల మీద, మా కనుబొమల మీద కూడా పేరుకునేది. వానాకాలం ఆ దిబ్బ గట్టిపడితే రేకుముక్కల మీద కూర్చుని జారి, లాగులూ లంగాలూ చింపుకుని, ఇంటికొచ్చి తన్నులు తినేవాళ్ళం. భూమి లోపల బండ పగిలితే ఇల్లంతా అదిరి, అలమరలో సత్తు గిన్నెలు గలగలమనేవి. పిల్లలం అదొక ఆటలాగా గంతులేసేవాళ్ళం. ఆడవాళ్ళు మాత్రం మాట ఆపేసి, ఎవరింటాయన ఏ షిఫ్టులో ఉన్నాడో తలుచుకునేవాళ్ళు.

మా వెనక లైనులోనే మా చిన్నమ్మ, జయమ్మ, ఉండేది. అమ్మకు చెల్లెలు, చిన్నాయన భార్య. అంతకు ముందు ఆమెకు కడుపు నిలవకుండా పోయింది, ఒకసారి కాదు, రెండుసార్లు. మూడోసారి నెల తప్పి అయిదో నెల పడిందని కబురు తెలియగానే అవ్వ లక్కూరు నుంచి బస్సూ రైలూ మారి వచ్చి దిగింది. రాగిపిండి, ఊరబెట్టిన మాగాయ, నెయ్యి, వాటి అడుగున పాతగుడ్డలో చుట్టిన ఏదో బరువు. కడుపుతో ఉన్న మనిషి మొలలో ఇనుముండాలని, అది పగలూ రాత్రీ ఒంటి మీదే ఉండాలని అవ్వ నమ్మకం. ఈసారి బిడ్డ నిలవాలంటే ముందు చిన్నమ్మకు మంచి మొలకత్తి ఎంచాలి. అవ్వ వచ్చిన పనే అది.

ఆ ఆదివారం సంతకు అవ్వ, చిన్నమ్మ, నేను ముగ్గురం బయలుదేరాం. సంత చివర కొలిమి పెట్టుకున్న కమ్మరామె ముందు గోనెపట్టా మీద కొడవళ్ళు, కత్తిపీటలు, చిన్నకత్తులు పరిచి ఉన్నాయి. అవ్వ ఒక్కో కత్తినీ గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుని వినేది, పిడి పట్టి ఊపి చూసేది, తన నడుములో దోపుకుని వంగి లేచేది. కడుపు పెరిగాక వంగితే మొన గుచ్చుకోకూడదు గదా. అంతా బాగుందనుకున్నాక అసలు పరీక్ష మొదలయ్యేది.

"ఇది యాడి ఇనుమమ్మా?"

"లారీ పట్టా అవ్వా. ఏండ్లు పోయినా అరగదు."

"ఆ లారీ ఎంతమంది మీద ఎక్కిందో నీకు తెలుసునా?"

"అయితే ఇది తీసుకో. రైలు కమ్మీది."

"రైలు కింద పడినోళ్ళు లేరా?"

కమ్మరామె సుత్తి పక్కన పెట్టి నవ్వింది. "పెండ్లికొడుకును వెతికినట్ల వెతుకుతుండావే అవ్వా!" అవ్వ నవ్వలేదు. తెచ్చుకున్న గుడ్డమూట విప్పింది. అందులో అరిగి మొద్దుబారిన మడక కర్రు, నాగలి మొన, ఉంది. "ఇది మా చేన్లో రాగి పండించిన ఇనుము. దీంట్లోనించి చెయ్యి." కమ్మరామె మొగుడు కొలిమి తిత్తి ఊదుతుంటే, కర్రు ఎర్రబడి, సాగి, కత్తిగా మారేదాకా మేం అక్కడే చెరుకు నములుతూ కూర్చున్నాం. చిన్నమ్మ ముఖంలో చాలా రోజులకు నవ్వు చూశాను.

ఇంటికొచ్చేసరికి చిన్నాయన మా కోసమే కాచుకుని ఉన్నాడు. ఆయనా ఒక కత్తి చేయించాడు. బండను తొలిచే జంపర్ కడ్డీ విరిగితే, పారేసిన ఆ ముక్కను స్నేహితుడి చేత సాగదీయించి, పిడికి రాగితీగె అందంగా చుట్టించాడు. "ఇందా జయా" అంటూ నేరుగా ఆమె చేతికిచ్చాడు. చిన్నమ్మ సంతోషంగా అందుకుంది.

అల్లుడి ఎదుట నిలబడే అలవాటు అవ్వకు లేదు. తలుపు చాటు నుంచే గొంతెత్తింది. "అయ్యయ్యో, కత్తి చేతికిచ్చేది యాడన్నా ఉండాదా! కింద పెడితే ఎత్తుకోవాల. చేతికిస్తే మనిషికీ మనిషికీ తెగిపోతాది. అదీ గని ఇనుము! మనుషుల్ని మింగినదాన్ని కడుపుతో ఉండే బిడ్డ మొలకు కడతారా?"

చిన్నాయన ముఖం మాడిపోయింది. "ఆ ఇనుమే మీ బిడ్డకు కూడు పెడతాండాది అత్తా" అన్నాడు. అంతే. ఆ రాత్రి తినలేదు, మర్నాడు తినకుండానే షిఫ్టుకు పోయాడు. అవ్వ మాట కాదనలేక, మొగుడి మనసు విరవలేక, చిన్నమ్మ రెండు కత్తులనూ గూట్లో పెట్టేసి ఏదీ కట్టుకోలేదు. గోడకు చేరగిలబడి, పొట్ట మీద చెయ్యి వేసుకుని ఊరికే కళ్ళు తుడుచుకుంటుంటే నాకు అందరి మీదా కోపమొచ్చింది.

ఆ మధ్యాహ్నం భూమి అదిరింది. ఎప్పటిలా గిన్నెలు గలగలమనడం కాదు, అలమరే ముందుకు వాలింది. లైనుల్లో ఆడవాళ్ళందరూ పొయ్యిల మీద అన్నం అట్లాగే వదిలేసి గని గేటు దగ్గరికి పరుగెత్తారు. చిన్నమ్మను పరుగెత్తనివ్వకుండా అవ్వ రెండు చేతులా పొదివి పట్టుకుని నడిపించింది. గేటు దగ్గర నేల మీద కూలబడి, "తెగిపోతాదని నేనే అంటినే, నా నోట్లో మన్ను పడ" అని తల బాదుకుంది. ఆ రోజు ఇంటి దగ్గరే ఉన్న నాయన మా వెనకాలే వచ్చాడు. అవ్వ పక్కన గొంతుక్కూర్చుని మెల్లగా చెప్పాడు.

"అత్తా, లోపల ఏ సామానూ కింద పెట్టేది లేదు. చీకట్లో కింద పెడితే సందులోకి జారి, కింద పనిచేసేవాని తలమీద పడతాది. చేతికి చెయ్యే ఇయ్యాల. అవతలోడు గట్టిగా పట్టుకోని 'పట్టినా' అని చెప్పేదాకా మనం వదలకూడదు. వాడు ఆ అలవాటుతో ఇచ్చినాడు, అంతే."

అవ్వ తల బాదుకోవడం ఆపింది. పొద్దు వాలుతుండగా, మనుషుల్ని గనిలోకి దించే పంజరం పైకొచ్చింది. కళ్ళు తప్ప ఒళ్ళంతా బూడిదరంగైన మనుషుల మధ్య చిన్నాయన కనిపించాడు. బండ పగిలింది వాళ్ళకు దూరంగానట. చిన్నమ్మ ఆయన చొక్కా పట్టుకుని, అంతమంది ముందూ ఏడ్చింది.

ఇంటికొచ్చి, నీళ్ళు పోసుకుని, చిన్నాయన ముద్ద తిన్నాడు. ఆయన చెయ్యి కడుక్కున్నాక తలుపు చాటు నుంచి అవ్వ చెయ్యి ఒక్కటే బయటికొచ్చింది, అరచేయి పైకి తెరిచి.

"అల్లుడూ, నా మొలకత్తి అరిగిపోయింది. ఆ గని కత్తి నాకియ్యప్పా. కింద పెట్టొద్దు."

చిన్నాయన గూట్లోంచి కత్తి తీశాడు. పిడి అవ్వ అరచేతిలో పెట్టి, వదలకుండా నిలబడ్డాడు. అవ్వ వేళ్ళు బిగించింది.

"పట్టినా" అంది. అప్పుడు వదిలాడు.

చిన్నమ్మ మడక ఇనుము కట్టుకుంది. ఆనాటి నుంచి ఆమే చిన్నాయనా కత్తిని కింద పెట్టకుండా, చేతికి చెయ్యే ఇచ్చుకునేవాళ్ళు. ఊరు ఊరంతా వినేలా ఏడుస్తూ పుట్టిన పిల్లకు రత్న అని పేరు పెట్టారు. అవ్వ బతికినన్నాళ్ళూ రాగితీగె పిడి కత్తితోనే లక్కూరులో మల్బరీ కోసింది. ఇది యాడి ఇనుమని ఎవరైనా అడిగితే "మా అల్లునిది" అనేది.

ఇప్పుడు గనులు మూతబడ్డాయి. కూత లేదు, పంజరం లేదు. మేమున్న లైనులో సగం ఇళ్ళకు కప్పులు లేవు. లక్కూరు చేలల్లో ట్రాక్టర్లు దున్నుతున్నాయి, మడక కర్రు చూపిద్దామన్నా దొరకదు. అవ్వ పోయింది, లోపలి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి చిన్నాయనా పోయాడు. చిన్నమ్మ మాలూరులో రత్న దగ్గర ఉంటుంది. కూతురూ అల్లుడూ ఫ్యాక్టరీ డ్యూటీలకు పోతే ఇంట్లో ఆమె ఒక్కతే. వంటింట్లో పని అయ్యాక కత్తిని కడిగినా, గట్టు మీద పెట్టదు. అలవాటుగా గది వైపు తిరిగి చెయ్యి చాపుతుంది. అవతల ఎవరూ లేరని గుర్తొచ్చేదాకా అట్లాగే పట్టుకుని నిలబడుతుంది. నేను వెళ్ళినప్పుడు మాత్రం గబగబా లేచి, అందుకుని, "పట్టినా చిన్నమ్మా" అంటాను.