రెండు శిలాఫలకాలు, ఒక తాళం

మా బస్టాపులో ఆడవాళ్ల మరుగుదొడ్డి నేనే తెచ్చానని మావాళ్లు పెళ్లిళ్లలో గొప్పగా చెబుతుంటారు. అబద్ధం. నేను తెచ్చింది రెండు శిలాఫలకాలు. మరుగుదొడ్డి వాటి వెనకాల దానంతటదే లేచింది.

ఆ రోజుల్లో నాకు డిగ్రీ కొత్త, దాంతోపాటు లోకాన్ని దిద్దేయగలనన్న ధీమా కూడా కొత్త. ఆత్మకూరులో టీచరు పని. ఉదయగిరి నుంచి వచ్చే బస్సు కోసం రోజూ మా ఊరి స్టాపులో పడిగాపులు. మగవాళ్లకు కంపచెట్లున్నాయి, మేం మాత్రం పొద్దున్నే మంచినీళ్లు మానేసేవాళ్లం. ఒక గది కట్టించమని సర్పంచ్ దగ్గరికి పోయాను. నాకు వరసకు మామ.

"స్థలం మనదే మే, ప్లానే మన చేతిలో లేదు. రోడ్డు పక్కన ఇటుక పెట్టాలన్నా పట్నంలో మేయరు సంతకం కావాలంట. కొత్త రూలు" అన్నాడు. (అదే రోడ్డు పక్కన ఆయన మేడ అప్పటికే రెండో అంతస్తులో ఉంది.) పట్నం పోతే మేయరు ఆఫీసులో నవ్వారు. "ఇంత చిన్న పనికి ఇక్కడిదాకా వచ్చినావా తల్లీ? మీ పంచాయతీ చూసుకుంటాది పో."

అటూ ఇటూ తిరిగి విసిగిపోయి ఒకరోజు, "మామా, శుక్రవారం మేయరే వచ్చి టెంకాయ కొడతాడంట" అన్నాను. మామ కుర్చీలోంచి లేచాడు. "మన గడ్డమీద ఆయన కొట్టేదేంది? నేనేమన్నా చచ్చినానా?" ఆ మాటే ఫోనులో మేయరు మనుషుల చెవిన వేశాను.

శుక్రవారం ఇద్దరూ దిగారు, ఎవరి టెంకాయ వాళ్లది, ఎవరి పేరు చెక్కిన రాయి వాళ్లది. సంతకం పెట్టే అధికారం ఇద్దరికీ లేదు గానీ, టెంకాయ కొట్టే అధికారం మాత్రం ఇద్దరికీ నిండుగా ఉంది. రాళ్లు అతికించాలంటే గోడ కావాలి కదా, లేచింది. ఒంటిగోడ బాగుండదని ఇంకో మూడు, పైన రేకులు, ముందు తలుపు. తలుపుకు తాళం.

"అంతా బాగుండాది గానీ, లోపలికెట్టా పోయేది మే?" అంది మా అవ్వ.

"తాళం మేయరు ఆఫీసోళ్లు వేసినారు" అన్నాడు మామ. "తాళాలు పంచాయతీ పని" అన్నారు అక్కడ.

ఇద్దరూ ఎప్పుడో మాజీలయ్యారు. నేనింకా ఆ స్టాపులోనే, సంచిలో నీళ్ల సీసా మూత తీయకుండా, బస్సు కోసం నిలబడుతుంటాను. రెండు టెంకాయలతో ఇద్దరు పెద్దమనుషుల్ని గెలిచేశానని మురిసిపోయిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. అంతా సరే, ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంది?