దిగనియ్యని సైకిల్‌కు కొత్త చక్రాలు

నా చిన్నప్పుడు మా కొత్తకోటకు ఒకాయన సైకిల్ మీద వచ్చి, వారం పాటు ఆ సైకిల్ దిగకుండా తొక్కాడు. ఇప్పటి పిల్లలకు చెబితే కోతలు కోస్తోందంటారు. ఆ రోజుల్లో అదొక ప్రదర్శన. సంత మైదానం మధ్యలో గుంజ పాతి, దానికి మైకు కట్టి, ఆ గుంజ చుట్టూ తిరుగుతూనే ఉండేవాడు. తిండి సైకిల్ మీదే, స్నానం సైకిల్ మీదే, కునుకు కూడా సైకిల్ మీదే. మిగతా పనుల సంగతి నన్నడక్కండి. నేనూ మా అమ్మను అడిగాను, వీపు మీద ఒకటి పడింది. గడువులోపల కాలు నేలకు తగిలిందా, అంతే సంగతులు. చివరి రోజు ఊరివాళ్ళు పెడతామన్న బట్టలూ బియ్యమూ ఏవీ రావు.

ఇన్నేళ్ళకు ఇది గుర్తు రావడానికి కారణం మా మనవరాలు. వనపర్తిలో నా దగ్గరే ఉండి డిగ్రీ చదువుతోంది. దానికి సన్న టైర్ల రోడ్డు సైకిల్ ఒకటుంది, అదంటే ప్రాణం. నెల రోజుల నుంచి ఆ సైకిల్‌కు కొత్త చక్రాలు కొనాలని ఫోన్ పట్టుకుని కూర్చుంది. కొన్నప్పుడు వచ్చిన చక్రాలు మరీ బరువట, ఎత్తు ఎక్కేటప్పుడు ప్రాణం తోడేస్తాయట. వెతికి వెతికి రెండు జతల దగ్గర ఆగిపోయింది. ఒకటి సాదాగా ఉండే అల్యూమినియం జత. పుల్లలు, అదే స్పోకులు, ఎక్కువ, సోకు తక్కువ. ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్న డబ్బుకు అది సరిగ్గా అందుతుంది. రెండోది వెడల్పు అంచుల నల్లటి జత. తిరుగుతుంటే గుయ్‌మని శబ్దం చేస్తుందట, అది వింటే చాలట. దాని ధర మాత్రం మా పిల్లకు అందేది కాదు.

అప్పుడు వాళ్ళ నాన్న, అంటే నా కొడుకు, మధ్యలోకి వచ్చాడు. ఆ నల్లవి నేను కొనిస్తాను, కానీ హైవే ఎక్కనని మాట ఇవ్వాలి, కాలేజీ గ్రౌండ్‌లోనే తొక్కుకోవాలి అన్నాడు. పిల్లకేమో ఒక్కసారైనా అలంపూర్ దాకా తొక్కుకుంటూ పోయి రావాలని కోరిక. ఏడాది నుంచి గ్రౌండ్‌లో తిరిగి తిరిగి అక్కడి ప్రతి గుంతా దానికి కంఠస్థం అయిపోయింది. వద్దంటే నల్ల చక్రాలు పోతాయి, సరే అంటే అలంపూర్ పోతుంది. మూడు పూటలు అన్నం కెలికి లేచిపోయాక నా మంచం మీద కూలబడి, "నాయనమ్మా, నువ్వైతే ఏవి తీస్కుంటవ్?" అంది. చక్రాల గురించి నాకేం తెలుసని! నాకు తెలిసిందల్లా ఆ వారం సంగతే, అదే చెప్పాను.

ఆ సైకిలాయన వెంట భార్య, చంకలో ఏడాది బిడ్డ ఉండేవాళ్ళు. గద్వాల దిక్కు నుంచి వచ్చారు. మా ఇల్లు మైదానానికి ఎదురుగా ఉండేది, ఆమె నీళ్ళ కోసం మా ఇంటికే వచ్చేది. ఊరంతా ఆయన్ను చూస్తుంటే నేను ఆ అక్కను చూసేదాన్ని. ఆయన తొక్కుతుంటే పక్కన పరుగెత్తుతూ గ్లాసు అందించేది, పరుగెత్తుతూనే ముఖం తుడిచేది. ఆయన సైకిల్ మీద ఇరుక్కుపోతే, ఈమె ఆయన చుట్టూ ఇరుక్కుపోయింది. నాలుగు దినాలు గడిచేసరికి ఆయన కాళ్ళు వాచి, ముఖం పీక్కుపోయింది. సంత రోజు దిగుతాడు, అందాకా ఓర్చుకుంటే చాలని ఆమె మా అమ్మతో అంటుంటే విన్నాను. తన పుట్టింటివాళ్ళు గాజులు అమ్ముతారట. ఇక గుంజ చుట్టూ తిరిగింది చాలు, సైకిల్‌కు గంప కట్టుకుని ఊళ్ళెంట గాజులమ్ముకుని బతుకుదామని ఆయన్ను ఒప్పించిందట.

ఇంతలో వెనక చక్రం పాడయింది. పుల్లలు ఒకదాని తర్వాత ఒకటి విరిగి, చక్రం వంకర తిరిగి, ప్రతి చుట్టుకూ ఫ్రేముకు రాసుకుని కీచుమనేది. జనం అయ్యో అయ్యో అంటున్నారే గానీ, దిగి బాగు చేసుకోమని ఒక్కరూ అనరు. దిగితే ఆట అయిపోతుంది మరి!

ఆ సాయంత్రం మా ఊరి పల్లినూనె మిల్లు పెద్దమనిషి మైదానానికి వచ్చాడు. తెల్లటి పంచె, వెనక నలుగురు మనుషులు. నేరుగా మైకు అందుకున్నాడు. "తమ్మీ, నీ తొక్కుడు సూసి నా పానం ఖుషైంది. కొత్త చక్రాలు జతకు జత నేనిప్పిస్త. నా బిడ్డ పెండ్లి వచ్చే వారమే. గప్పటిదాంక దిగకు, మా సుట్టాలు గూడ సూడాలె!" అన్నాడు. ఈలలే ఈలలు. నేనూ చేతులు నొప్పి పుట్టేదాకా చప్పట్లు కొట్టాను. సైకిల్ మీది మనిషి రెండు చేతులూ వదిలి దండం పెట్టాడు. పెట్టక ఏం చేస్తాడు? జనం చప్పట్లే ఆయనకు కూడు, ఆ జనం ముందే కాదని ఎట్లా అంటాడు? మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడిన అక్క వైపు చూశాను. ఆమె నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. ఆ ముఖం చూశాక నా చప్పట్లు ఆగిపోయాయి.

మా పెద్దనాయన సైకిల్ దుకాణం రోడ్డు మీదే ఉండేది. గంటల లెక్కన కిరాయికి ఇచ్చేవాడు, రిపేర్లు చేసేవాడు. మర్నాడు పొద్దున ఆ అక్కకు నచ్చిన చక్రాలు ఇవ్వమని మిల్లు నుంచి ఆయనకు కబురొచ్చింది. బిడ్డను ఎత్తుకోవడానికని అక్క నన్ను వెంట తీసుకుపోయింది. పెద్దనాయన హుషారుగా పైన వేలాడదీసిన ఒక జత దించాడు. కర్నూలు నుంచి కాలేజీ పిల్లల కోసం తెప్పించినవి, సన్నటి రిమ్ములు, అద్దంలా మెరుస్తున్నాయి. వేలితో తోస్తే ఆగకుండా తిరుగుతూనే ఉన్నాయి. నా కళ్ళు వాటి మీద నుంచి రాలేదు. అక్క కూడా వాటిని చాలాసేపు నిమిరింది.

తర్వాత మెల్లగా అడిగింది. "అన్నా, గీటి పుల్ల ఇరిగితె పెబ్బేరుల దొరుకుతదా?"

యాడ దొరుకుతదమ్మా, కర్నూలే పోవాలె అన్నాడు పెద్దనాయన. వెనక బిడ్డనూ గాజుల గంపనూ కట్టుకుంటే ఆగుతాయా అని అడిగింది. ఆయన నవ్వి, దుకాణం మూల చూపించాడు. అక్కడ పాల క్యాన్లు మోసే సైకిళ్ళకు వేసే జత ఉంది. లావు పుల్లలు, మందపు రిమ్ములు, మెరుపన్నది లేదు, ధర సగం కూడా ఉండదు. "గవైతె గుండు వెట్టినా ఆగుతయి. గని బర్వు తల్లీ. ఇంకో వారం గిర్రగిర్ర తిరగాలంటె తేలికయే మంచిగుంటయి."

"ఇంకో వారం ఎవలు తిరుగుతరన్నా?" అంది అక్క.

పెద్దనాయన చేతిలో పానా పక్కన పెట్టాడు. మాట ఇచ్చిండు గద, అందరి ముందు అని గొణిగాడు. "ఆయన దండం వెట్టిండు, మాట నేనియ్యలె. నువ్వు జర గా లావుటియి దించు. కడమది నేను సూస్కుంట," అంది. బిడ్డను నా దగ్గర నుంచి తీసుకుని గట్టిగా హత్తుకుంది. మిల్లాయనకు కోపమొస్తే వాళ్ళు ఆ ఊరే కాదు, చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ గుంజ పాతలేరు. గాజులు అమ్ముకోనిస్తారన్న నమ్మకమూ లేదు.

దిగకుండా చక్రాలు ఎట్లా మారుస్తారా అని ఊరంతా వచ్చి కూర్చుంది. పెద్దనాయన కిరాయి సైకిల్ ఒకటి పట్టుకుని సైకిలాయన పక్కనే పరుగెత్తాడు. రెండు సైకిళ్ళూ కలిసి ఒక చుట్టు తిరిగాయి. ఆయన ఒక చెయ్యి ఈ హ్యాండిల్ మీద, ఒక చెయ్యి ఆ హ్యాండిల్ మీద వేసి, వాచిన కాలు ఎత్తి అవతలి సీటు మీదికి ఒరిగాడు. పాత సైకిల్ ధడేలున పడిపోయింది, మనిషి మాత్రం పడలేదు. నేను మా అమ్మ కొంగు కొరికేశాను. చక్రాలు బిగించాక మళ్ళీ అదే పద్ధతిలో తన సైకిల్ మీదికి వచ్చాడు. లావు చక్రాలు మట్టిలో గుర్రుగుర్రుమంటూ తిరిగాయి.

మిల్లు పెద్దమనిషి కుర్చీలోంచి లేచాడు. "గివేంది? నేనిప్పిచ్చేటియి మెరిసేటియి గద! గీ పాలోని చక్రాలేంది?" అని గద్దించాడు. అక్క బిడ్డను చంకనేసుకుని గుంజ దగ్గరికి నడిచింది. ఐదు దినాల నుంచి ఆ మైకు పక్కనే ఉన్నా, దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి.

"సారు గొప్ప మనసున్నోడు. సారిచ్చిన చక్రాలు గీ మట్టిల తిప్పి తిప్పి అరగదీస్తె మాకు పాపం తాకుతది. సారు పేరు ఒక్క కొత్తకోటల్నే ఉంటె ఏం లాభం? సంత దినం మా ఆయన దిగుతడు. గీ చక్రాల మీదనే పెబ్బేరు, గద్వాల, అలంపూరు, ఊరూరు తిరిగి సారు బిడ్డ పెండ్లి ముచ్చట చెప్పుకుంట పోతం. గంత దూరం ఆగాలనే గట్టియి ఏరుకున్న. సారు బిడ్డ సల్లగుండాలె! అందరు చప్పట్లు కొట్టుర్రి!"

కొట్టారండీ! మైదానం దద్దరిల్లింది. నేనైతే గెంతుతూ కొట్టాను. మిల్లు పెద్దమనిషి అటూ ఇటూ చూశాడు. నిన్న ఆ సైకిలాయన చిక్కుకున్న చోటే ఈరోజు ఆయన చిక్కుకున్నాడు. చివరికి మీసం దువ్వుకుని, సరె సరె, గట్లనె కానియ్యి అని నవ్వి కూర్చున్నాడు. ఆ నవ్వు నిజమైనదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. అక్క మాత్రం మైకు వదిలి, నీళ్ళ గ్లాసు పట్టుకుని మళ్ళీ ఆయన పక్కన పరుగెత్తింది.

సంత రోజు మధ్యాహ్నం సైకిలాయన దిగాడు. దండలు వేశారు, బట్టలు పెట్టారు. కానీ రెండు అడుగులు వేయగానే మనిషి ఎడమకు తిరిగిపోయాడు. మళ్ళీ వేస్తే మళ్ళీ ఎడమకే. అన్ని రోజులూ ఒకే వైపు తిరిగిన ఒళ్ళు, తిన్నగా నడవడం మరిచిపోయింది. జనం పగలబడి నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. అక్క నవ్వలేదు, ఏడవలేదు. బిడ్డను సైకిల్ వెనక కూర్చోబెట్టి, ఆయన చేతిని హ్యాండిల్ మీద పెట్టి, తను ఇంకోవైపు పట్టుకుంది. ముగ్గురూ రోడ్డెక్కి పెబ్బేరు వైపు నడుచుకుంటూ పోయారు. ఆయన ఎడమకు లాగినప్పుడల్లా ఆమె సైకిల్‌ను సరిచేయడం చాలా దూరం దాకా కనబడింది. మళ్ళీ వాళ్ళను నేనెప్పుడూ చూడలేదు.

పెళ్ళయ్యాక ఈ సంగతి నాకు ఒకసారి పనికొచ్చింది. నాగర్‌కర్నూల్‌లో టీచరు ఉద్యోగం వస్తే, మా ఆయన, పాపం మంచివాడే, నువ్వు రోజూ బస్సుల్లో తిరగడం ఎందుకు, ఇంట్లోకి రంగుల టీవీ తెస్తాను, హాయిగా చూసుకుంటూ ఉండు అన్నాడు. మా వీధిలో అప్పటికి ఎవరింట్లోనూ లేదు. ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. ఆ రాత్రంతా గుంజ చుట్టూ తిరిగే సైకిలే కళ్ళల్లో. పొద్దున లేచి, టీవీ వద్దు, బస్ పాస్ తీసివ్వు అన్నాను. వారం దాకా నాతో మాట్లాడలేదు, తర్వాత ఆయనే పోయి పాస్ తెచ్చాడు.

కథ విని మా పిల్ల మంచం మీద లేచి కూర్చుంది. తర్వాత ఫోన్ తీసి, రెండు జతల పుల్లలూ ఎక్కడ దొరుకుతాయో వెతికింది. సాదా జతవి కర్నూలులోనే ఉన్నాయట, నల్ల జతవి ఎక్కడినుంచో తెప్పించుకోవాలట. పైగా బీచుపల్లి వంతెన మీద ఎదురుగా లారీ వస్తే ఆ వెడల్పు అంచులు గాలికి పక్కకు లాగేస్తాయట. "మరి గీ ముచ్చట నెల నుంచి ఎందుకు సూడలేదే?" అంటే, "గ్రౌండ్‌ల లారీలు రావు గద నాయనమ్మా," అంది. దాని డబ్బుతోనే సాదావి తెప్పించుకుంది. మా వాడు రెండు రోజులు నా మీద ధుమధుమలాడాడు. ఆదివారం తెల్లవారి అది రోడ్డెక్కితే, పెట్రోలు దండగ అని తిట్టుకుంటూనే బండి వేసుకుని వెనక పోయాడు. పెబ్బేరు దాకా పోయి, టీ తాగి, దాన్ని అలంపూర్ దిక్కు పోనిచ్చి ఒక్కడే తిరిగొచ్చాడు.

ఆ అక్క పేరు కూడా నేను అడగలేదు. కానీ ఇన్నేళ్ళలో ఎవరు ఏమిచ్చినా, ఎంత ప్రేమగా ఇచ్చినా, చెయ్యి చాపే ముందు ఆమె ఆ రోజు మైదానంలో నోరు తెరిచి మూసుకోవడం గుర్తొస్తుంది. ఇది తీసుకుంటే నన్ను దిగనిస్తారా అని అడుగుతాను. దిగనివ్వం అంటే, అది బంగారమైనా సరే, నాకొద్దు.